పద్నాలుగో స్థలం

మా అత్త మంచానికి పైన గోడకు ఒక సిలువ ఉండేది. నల్ల కర్ర మీద ఇత్తడి యేసు. తల ఒక పక్కకు వాలి, పక్కటెముకలు బయటికి కనబడుతూ ఉండేవాడు. ఎదురుగోడకు నా సిలువ. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. రెండు కర్రముక్కలు, పైన వార్నిష్, అంతే. నాచారంలో మా అద్దె పోర్షన్ అంటే ఒక గది, ఒక వంటిల్లు. అంత చిన్న ఇంట్లో ఆ రెండు సిలువలూ మేమిద్దరం కూర్చున్నట్టే ఎదురెదురుగా ఉండేవి.

"మీ సిలువ మీద దేవుడేడి పిల్లా? డ్యూటీకి పోయిండా?" అని అడిగేది అత్త, చేటలో బియ్యం ఏరుతూ.

"లేచిపోయిండు అత్తమ్మా. మూడో నాడే లేచిండు. మీరే ఇంకా దించలే. పాపం, ఎన్నేండ్ల సంది గట్లనే మేకులకు పెట్టిన్రు?"

"సావకుంట లేస్తడా? సచ్చిన ముచ్చట జెప్పకుంట లేచిన ముచ్చట జెప్తే ఎవ్వడు నమ్ముతడు? పండుకున్నోడు గూడ లేస్తడు."

మాది నల్లగొండ పక్క బాప్తిస్టు కుటుంబం. వాళ్లు కతోలికులు. పెళ్లి కుదిర్చిన పెద్దలు "అందరం సిలువోళ్లమే గద" అని ఒక్క మాటలో తేల్చేశారు. ఆ ఒక్క మాట మీద అత్తా నేనూ ఏళ్ల తరబడి వాదించుకున్నాం. మా ఇంటాయన మధ్యలోకి వచ్చేవాడు కాదు. ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు చేసి వచ్చి, తిని నిద్రపోయేవాడు. ఆయనకు ఏ గుడి మీదా పక్షపాతం లేదు. రెండింటికీ సమానంగా పోయేవాడు కాదు.

మా సంఘం ఒక రేకుల షెడ్డులో కూడేది. అక్కడ సిలువ లేకుండా ఏ ఆదివారమూ ప్రసంగం ఉండేది కాదు. మన పాపాలు ఆయన మోశాడు, మన మీద పడవలసిన శిక్ష ఆయన మీద పడింది, అది అక్కడితో తీరిపోయింది. పాస్టరయ్యగారు ఎటు తిప్పి ఎటు చెప్పినా చివరికి అక్కడికే వచ్చేవారు. నేనూ మనస్ఫూర్తిగా ఆమేన్ అనేదాన్ని. నాకు అది పెద్ద జ్వరం దిగిపోయిన పొద్దులా ఉండేది. ఇక దుప్పటి దులిపి, స్నానం చేసి, వంటకు లేవచ్చు. జ్వరం దిగిన సంగతి అత్తకు తెలియక కాదు. కానీ ఆ జ్వరంలో రాత్రంతా పక్కన కూర్చున్నదెవరో ఆమె మరిచిపోయే రకం కాదు.

ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో ప్రతి శుక్రవారం ఆమె సిలువ మార్గానికి వెళ్లేది. వాళ్ల గుడి వెనక చిన్న గుట్ట ఉంది. గుట్ట మీదికి పోయే దారిలో పద్నాలుగు చోట్ల పటాలు. యేసుకు మరణశిక్ష వేసిన దగ్గర మొదలుపెట్టి సమాధిలో పెట్టిన దాకా, ఒక్కొక్క పటం ఒక్కో స్థలం. ప్రతి స్థలం దగ్గర ఒకరు పుస్తకం చదువుతారు, మిగతావాళ్లు మోకరిస్తారు, లేచి పాడుకుంటూ తర్వాతి స్థలానికి నడుస్తారు. గుడ్ ఫ్రైడే నాడు పద్నాలుగూ పూర్తిచేసి, మూడు గంటలు దాటాకే ఆమె మంచినీళ్లు ముట్టేది. కోడలిగా వచ్చిననాటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదని చెప్పుకునేది.

నేను చెప్పే ఏడు, తొంభైల మొదట్లో, ఆమె మూడో స్థలం దగ్గర పడిపోయింది. మూడో స్థలం అంటే సిలువ బరువుకు యేసు మొదటిసారి పడిన చోటు.

"ఆయన పడ్డ కాడనే పడ్డవా అత్తమ్మా? ఇంకో జాగ దొరకలేదా?" అన్నాను మోకాళ్లకు నూనె రాస్తూ.

"నువ్వయితే లేచిన కాడికి పోయి పడ్తుంటివి" అంది.

దవాఖానాలో డాక్టరు మోకాళ్లు నొక్కి చూసి, గుట్ట మాట మరిచిపొమ్మన్నాడు. ఆ రోజు నుంచి ఆమె నాతో వాదించడం మానేసింది. నా సిలువ మీద దేవుడేడని అడగలేదు. నేనే కావాలని, "మా అయ్యగారు నిన్న మస్తు చెప్పిండు" అని కదిలించినా, "చెప్పనీ" అని గోడవైపు తిరిగేది. ఇంట్లో అంత ప్రశాంతత నాకు అలవాటు లేదు. భయమేసింది.

ఒక సాయంత్రం కొడుకును పిలిచి కూర్చోబెట్టుకుంది.

"ఈ ఏడు ఈస్టరుకు నాకు కూర వండకుర్రి."

"ఏమైంది అమ్మా?"

"పెండ్లికి పోకున్నా నడుస్తది, సావుకు పోకుంటే నడుస్తదా? ఆయన సావుకు పోలేనిదాన్ని, ఆయన లేచిన పండుగకు ఏ మొకం పెట్టుకొని పోత?"

"ఆటోల తీస్కపోత."

"ఆటో గుట్టెక్కుతదా? ఆటోల మోకరిస్తనా?"

మా ఇంటాయన నావైపు చూశాడు. ఆయన దగ్గర మాటలు అయిపోతే నావైపు చూడటం అలవాటు. నాకు మాత్రం ఆమె మాట లోపల ఎక్కడో తగిలింది. మా ఊళ్లో కూడా అంతే. పెళ్లికి రాకపోతే, పనుండి ఉంటుందిలే అనుకుంటారు. చావుకు రాకపోతే ఆ ఇంటి గడప మళ్లీ తొక్కనివ్వరు. ఆదివారం పొద్దున కొత్త చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చునే నేను, శుక్రవారం చావింటికి వెళ్లినట్టు ఎన్నడైనా వెళ్లానా అని మొదటిసారి అనుమానం వచ్చింది. మా షెడ్డులో గుడ్ ఫ్రైడే ఆరాధన జరుగుతుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ఏడుగురు వివరిస్తారు. నేను శ్రద్ధగానే వింటాను. మధ్యలో ఆదివారం వంటకు మసాలా నూరించుకోవాలన్న సంగతి కూడా గుర్తొస్తుంది.

"గుట్టకు మనం పోలేకుంటే గుట్టనే ఇంటికి తెచ్చుకుందాం. ఇక్కడనే చేద్దాం అత్తమ్మా" అన్నాను.

ఆమె ఇటు తిరిగింది.

"ఎవరు చదువుతరు?"

"నేను చదువుత."

"నువ్వా?" అని నవ్వింది. ఆ నవ్వు చూసి వారం పది రోజులైంది. నాకు కోపం రాలేదు.

ఆ నవ్వుకు కారణం ఉంది. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. మధ్యాహ్నం వంటలయ్యాక మా షెడ్డులోనే ఒక టీచరమ్మ ఆడవాళ్లకు పలకలిచ్చి నేర్పేది. అంతకుముందు ఉప్పల్ పోయే బస్సును ఎక్కేవాళ్ల ముఖాలు చూసి గుర్తుపట్టేదాన్ని, ఎప్పుడూ తప్పిపోలేదు. చదవడం వచ్చాక బోర్డు చదివి ఎక్కుదామని నిలబడేదాన్ని. పూర్తిగా చదివేసరికి బస్సు కదిలిపోయేది. మా అత్తకు అసలు చదువే లేదు. కానీ సిలువ మార్గం పుస్తకమంతా విని విని నోటికి వచ్చేసింది.

"అంత నోటికొస్తుంటే నేను చదువుడెందుకు? నువ్వే చెప్పుకో" అన్నాను.

"ఒకరు చదవాలె, ఒకరు మోకరించాలె. రెండూ నేనే చేస్తే అది సిలువ మార్గం గాదు, గొణుగుడు."

అలా రోజూ పొయ్యి మీద అన్నం ఉడికేలోపు నాకు పాఠం. ఆ పుస్తకంలో మాటలు మా ఇంట్లో ఎవరూ మాట్లాడని మాటలు. ఒక్కో మాట ఎక్కే బస్సంత పొడుగు. నేను మొదటి చివర పట్టుకునేలోపు ఆమె అవతలి చివర అందించేది. అందిస్తూనే, "మీ టీచరమ్మ సగమే నేర్పిందేంది" అనేది. మళ్లీ మా ఇల్లు మా ఇల్లులా ఉంది.

గురువారం సాయంత్రం స్థలాలు నిర్ణయించాం. ఆమె మంచం మీద కూర్చుని చెప్పింది, నేను సుద్దముక్కతో ప్రతి చోటా గోడ మీద చిన్న సిలువ గీసి, పక్కన అంకె వేశాను. తీర్పు చెప్పే మొదటి స్థలం ఆమె మంచం దగ్గర. మొదటిసారి పడే మూడోది మా గుమ్మం ముందు మెట్టు దగ్గర, అక్కడ అందరూ పడతారు. తల్లి ఎదురయ్యే నాలుగోది వంటింటి కిటికీ కింద. ఒక స్త్రీ తన బట్టతో యేసు ముఖం తుడిచే ఆరోది బట్టలు ఆరేసే తీగ దగ్గర. యెరూషలేము స్త్రీలు ఏడ్చే ఎనిమిదోది నల్లా దగ్గర. "నల్లా కాడ ఆడోళ్లు ఏడ్వక ఇంకేం జేస్తరు, నీళ్లు ఎన్నడొచ్చినయ్ గనక" అంది అత్త. తొమ్మిది గేటు దగ్గర. అక్కడి నుంచి ప్రహరీ వెంబడే మళ్లీ లోపలికి తిరిగి, చివరిది, సమాధి, ఓనరమ్మ పూలకుండీల మూలకు.

ఓనరమ్మ అంటే మా ఇంటి యజమానురాలు. గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఆమె భర్త సర్కారు ఆఫీసులో గుమస్తా. మనిషి మంచిది, గొంతు పెద్దది. శుక్రవారం తెల్లవారగానే ఆ గొంతు లేచింది.

"అమ్మాయ్! ఏవమ్మాయ్! బయటికి రా ఓసారి! మన కొంప మునిగిపోయింది!"

పరుగెత్తాను. ఆవిడ తలస్నానం చేసి, ముడి కూడా వేసుకోకుండా, పసుపు గిన్నెతో గేటు దగ్గర నిలబడి ఉంది. ఆవిడ భర్త బనియన్ మీదే ప్రహరీ వెంబడి అడుగులో అడుగు వేసి కొలుస్తున్నాడు.

"రోడ్డు వెడల్పు చేస్తారని ఎప్పట్నుంచో అంటూనే ఉన్నారు. రాత్రికి రాత్రి వచ్చి మార్కింగ్ వేసి పోయారు చూడు! గేటు దగ్గర తొమ్మిది. అదిగో, నా కుండీల దగ్గర పద్నాలుగు. పద్నాలుగడుగులు పోతుందంటావా?"

"నల్లా దగ్గర ఎనిమిది వేశారే. అక్కడ ఎనిమిదే ఎందుకు పోతుంది?" అన్నాడాయన, లెక్క కుదరక.

నవ్వాపుకోవడం కష్టమైంది. "మునిసిపాలిటీ వాళ్లు కాదమ్మా, నేనే వేసిన" అని సంగతి చెప్పాను. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని మెట్టు మీద కూలబడింది. స్థలం పోవడం లేదన్న సంతోషంలో ముందు అన్నిటికీ సరే అంది. "పూజే కదా, చేసుకోండి. మీ పండగటగా ఇవాళ! పులిహోర కలుపుతున్నాను, మామ్మగారికి పంపిస్తాను."

"మా అత్తమ్మ మూడింటిదాకా ఏం తినదమ్మా. ఇయ్యాల పండుగ గాదు. ప్రభువు సచ్చిపోయిన దినం."

"అయ్యో, అలాగా?" అని పసుపు గిన్నె మెట్టు మీద పెట్టింది. "మరి ఈ అంకెలేంటి?"

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. చదువు కొత్తగా వచ్చిన ఉత్సాహంలో ఒకటి నుంచి పద్నాలుగు వరకు ఒక్కటీ వదలకుండా అప్పజెప్పాను. ప్రాణం పోయే పన్నెండో దగ్గర ఆవిడ ముఖం మారింది. పద్నాలుగో దగ్గర లేచి నిలబడింది.

"సమాధా? నా కుండీల దగ్గర? శుక్రవారం పూట? ఇప్పుడే గడపకి పసుపు రాశానమ్మాయ్. లక్ష్మీదేవి లోపలికొచ్చే వేళకి పెరట్లో శవాన్ని పెడతానంటావా?"

"నిజం శవం గాదమ్మా, చదువుకునుడే..."

"చదివినా అంతే. మాటకి బలం లేదూ? ఆయన్ని నడిపించుకోండి, పడితే లేపుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ మేకులు కొట్టడం, ప్రాణం పోవడం, పూడ్చడం మాత్రం నా ప్రహరీ లోపల వద్దు. ఏమనుకోకు."

నేను తల వంచుకుని లోపలికి వచ్చి చెప్పాను. అత్త అన్నీ మంచం మీది నుంచి విన్నది. కోపగించుకుంటుందనుకున్నాను.

"ఆమె అన్నదాంట్ల తప్పేముంది?" అంది. "ఆయనను గూడ ఊర్ల సంపలేదు గద. ఊరవతలికే తీస్కపోయిన్రు. తొమ్మిది దాక లోపల, పదో దాని కెళ్లి గేటు బయట."

"బయటనా? సడకు మీద? ఎండల? ఆ కంకర మీద మోకరిస్తవా? ఆటోలు, టెంపోలు తిరిగే కాడ నేను గట్టిగ చదవాల్నా?"

"నేను మోకరిస్త. నువ్వు చదువు. నాకు లేని సిగ్గు నీకెందుకు?"

ఆమెకు ధైర్యముంది, మోకాళ్లు లేవు. నాకు మోకాళ్లున్నాయి, ధైర్యం లేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిస్తే ఒక మనిషి అయ్యాం.

పన్నెండు దాటాక మొదలుపెట్టాం. మంచం పట్టె పట్టుకుని మొదటి స్థలం దగ్గర వంగింది. నేను చదివాను. గుమ్మం, మెట్టు, కిటికీ. ఒక్కోచోట మోకరించడానికి ఎంతసేపో, లేవడానికి అంతకు రెండింతలు. ఐదో స్థలం సైకిళ్లు పెట్టే చోట. అక్కడికి వచ్చేసరికి ఆమె నుదుటి మీద చెమట. నా భుజం పట్టుకుంటే పుస్తకం పడిపోతోంది, పుస్తకం పట్టుకుంటే ఆమె పడిపోయేలా ఉంది. సరిగ్గా అప్పుడే మా ఇంటాయన షిఫ్టు దిగి, సైకిల్ నడిపించుకుంటూ, హ్యాండిల్‌కు టిఫిను డబ్బాతో లోపలికి వచ్చాడు.

ఐదో స్థలంలో ఏముందంటే, పొలం నుంచి ఇంటికి పోతున్న సీమోను అనే మనిషిని సైనికులు దారిలో ఆపి, బలవంతంగా సిలువకు భుజం పట్టించారు. ఆ మాట చదివి నేను తల ఎత్తాను. ఆయన తల దించుకున్నాడు.

"ఆకలైతుంది" అన్నాడు మెల్లగా.

"సీమోనుకు గూడ అయ్యే ఉంటది. డబ్బా గాడ పెట్టి మీ అమ్మను పట్టుకో."

"జర మొకం కడుక్కొని వస్త..."

"అరేయ్, ఆయన గట్లనే కడుక్కొని వస్తనన్నడా?" అంది అత్త. ఆయన సైకిల్ గోడకు ఆనించి వచ్చి తల్లి చంక కింద చెయ్యి వేశాడు. అక్కడి నుంచి చివరి దాకా వదల్లేదు. పెళ్లయ్యాక ఆయన భక్తి చేయడం నేను చూసింది ఆ రోజే.

పక్క వీధిలో మా షెడ్డు మైకు వినిపిస్తూనే ఉంది. మేము నల్లా దగ్గర ఆడవాళ్ల ఏడుపులో ఉండగానే, మైకులో ఏడో మాట మొదలైంది, అంటే యేసు ప్రాణం అప్పగించే మాట.

"మీ అయ్యగారు అప్పుడే సంపేసిండా?" అంది అత్త ఆయాసపడుతూ. "మీకు అన్నిట్ల తొందరనే."

గేటు దాటాం. బయట ఎండ నిప్పులా ఉంది. యేసు బట్టలు ఒలిచిన పదో స్థలం ప్రహరీకి బయట, మేకులు కొట్టిన పదకొండో స్థలం కొంచెం అవతల. నా గొంతు మొదట నాకే వినపడలేదు. ఒక స్కూటరాయన ఆగి, "ఏమైందమ్మా, ఎవరికన్నా దెబ్బ తాకిందా?" అని అడిగాడు. మా ఇంటాయన చెయ్యి ఊపి పొమ్మన్నాడు. ఆయన పోలేదు. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ముగ్గురు చేరారు. అందరూ నా నోటివైపే చూస్తున్నట్టు అనిపించి, ఒక పొడుగు మాట దగ్గర ఆగిపోయాను. కంకర మీది నుంచి అత్త ఆ మాట అందించింది. ఈసారి టీచరమ్మను ఏమీ అనలేదు. నేను మళ్లీ అందుకున్నాను. గొంతు కాస్త పైకి లేచింది.

పన్నెండో స్థలం. యేసు సిలువ మీద చనిపోయాడని చదివి ఆపాలి. అక్కడ ఎవరూ ఏమీ మాట్లాడకూడదు, మోకరించి ఊరికే ఉండాలి. మా ఇంటాయన తువ్వాలు మడిచి కింద వేయబోతే ఆమె తోసేసింది. కంకర మీదే మోకరించింది. నేనూ మోకరించాను. మోకాలి కింద ఒక రాయి గుచ్చుకుంది. కదలకూడదని కదల్లేదు. అంతవరకు సిలువ గురించి నేను ఎన్ని ప్రసంగాలు విన్నానో, అన్నిట్లో ఆయన చావు ఒక కారణం కోసం. పాపం కోసం, రక్షణ కోసం, మనకోసం. అవన్నీ నిజమే, ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ ఎండలో ఆ కాసేపు, ఒక మనిషి చనిపోయాడు అన్నంతవరకే నాకు తెలిసింది. ఎవరో బాగా కావలసినవాళ్లు. నేను వెళ్లి నిలబడవలసిన చావు. నిలబడ్డాను.

తర్వాత ఆమె లేవబోయింది, లేవలేకపోయింది. మా ఇంటాయన ఒక పక్క లాగితే ఇంకో పక్కకు ఒరిగింది. నేను పుస్తకం కింద పెట్టేలోపే, ఎప్పుడు గేటు దాటి వచ్చిందో, ఓనరమ్మ రెండో పక్క చెయ్యి వేసింది.

"ఉండండి మామ్మగారూ, నా మీద బరువు వెయ్యండి. అదీ. మెల్లగా."

ఇద్దరూ కలిసి ఆమెను మోరీ కాలువ గట్టు మీద కూర్చోబెట్టారు. ఓనరమ్మ చెయ్యి తీయలేదు, పక్కనే కూర్చుంది. నేను పదమూడోది చదివాను. శరీరాన్ని సిలువ మీది నుంచి దించి తల్లి ఒడిలో పెట్టిన స్థలం అది.

"తల్లి బతికుండగానేనా?" అంది ఓనరమ్మ.

"బతికే ఉంది. అక్కడనే నిలబడ్డది" అంది అత్త.

"ఆయనకెంత వయసు?"

"ముప్పై మూడు."

"అయ్యో రాత!"

అత్త ఎండలోకి చూస్తూ చెప్పింది. "ఆమె నసీబు జర మంచిదేనమ్మా. కొడుకును ఒళ్లె పెట్టిన్రు. నా చిన్నోడు జరమొచ్చి పోయినప్పుడు నేను పురిటి మంచంల ఉన్న. సూపియ్యకుంటనే తీస్కపోయి పెట్టిన్రు. గందుకే ఏటేటా ఈ కాడికొచ్చి జరసేపు కూసుంట."

చిన్నప్పుడే ఒక కొడుకు పోయాడని నాకు తెలుసు. మా ఇంటాయనకూ తెలుసు. ఈ మాట మాత్రం ఇద్దరం అప్పుడే విన్నాం. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, చెమటే అన్నట్టు. ఇన్నేళ్లుగా ఆమె సిలువ మీది మనిషిని దించమని నేను చేసిన వేళాకోళాలన్నీ ఒక్కసారిగా చెవిలో పడ్డాయి. ఆమె దించేది. ఏటేటా, ఈ ఒక్క చోట, ఒడిలోకి.

ఇక మిగిలింది ఒక్కటే. దానికి చోటు అవతల కరెంటు స్తంభం దగ్గర అనుకున్నాం. ఓనరమ్మ అటు చూసింది. స్తంభం కింద చెత్త, పక్కన కాలువ, కాలువలో చల్లగా పడుకున్న కుక్క.

"అక్కడా పెడతారు?" అంది.

"ఇంకేడ పెడ్తమమ్మా?" అన్నాను.

"కుక్కలు తిరిగేచోట ఎలా పెడతారమ్మాయ్, తల్లి ఒళ్లోంచి తీసి?"

అత్త పెదవులు ఎండిపోయి తెల్లబడ్డాయి. ఆ స్తంభం దాకా ఆమె నడిచే స్థితిలో లేదని ముగ్గురికీ తెలుస్తూనే ఉంది. చివరిది చేయకుండా ఆపితే ఆమె లెక్కలో ఆ ఏడు చావుకు పోనట్టే. నాకు ఇంకేం తోచక, ఆమె ముందు ఆ రోజు అనకూడని మాట అనేశాను.

"మూడు రోజులకేనమ్మా. ఎక్కువుండడు. ఆదివారం పొద్దుగాల్ల లేచి పోతడు."

అత్త నావైపు చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. ఓనరమ్మ మాత్రం ఒకసారి ఇంటివైపు, ఒకసారి కుక్కవైపు చూసింది.

"మూడు రోజులకే కదా?"

"మూడు రోజులకే."

"ఖాయమేనా? ఆ తర్వాత ఇక్కడేం మిగలదు కదా?"

"ఏం మిగలదమ్మా. ఒంటికి చుట్టిన బట్టలు తప్ప, అవి గూడ మడిచి పెట్టి పోతడు."

"సరే అయితే, లోపలికి తెచ్చుకోండి. నా కుండీల దగ్గరే. ఆ మాత్రం దానికి లక్ష్మీదేవి ఏమనుకోదులే, ఆవిడా ఆడదే." అని లేచి, మా ఇంటాయనతో, "నువ్వలా చూస్తావేంటయ్యా, అటు పట్టు" అంది.

అలా ఒకపక్క కొడుకు, ఒకపక్క ఓనరమ్మ పట్టుకుని మా అత్తను మళ్లీ గేటు లోపలికి తీసుకొచ్చారు. యేసుకు సొంత సమాధి లేదనీ, ఎవరో ఒక పెద్దమనిషి తనకోసం తొలిపించుకున్న దాన్ని ఇచ్చాడనీ పుస్తకంలో ఉంది. ఆ వాక్యం చదువుతున్నప్పుడు నేను ఓనరమ్మ వైపు చూడలేదు. చూస్తే చదవలేకపోయేదాన్ని. అత్త కనకాంబరాల కుండీ అంచు పట్టుకుని మోకరించి, చివరి ప్రార్థన తనే చెప్పుకుంది. మూడు గంటలు దాటింది. ఓనరమ్మ చెంబుతో తెచ్చిన నీళ్లు గటగటా తాగింది.

సాయంత్రం మోకాళ్లకు కాపడం పెడుతుంటే మొదలుపెట్టింది.

"శుక్రారం నాడు ఆదివారం ముచ్చట జెప్పినవ్ గద! నీ నోరు ఆగదా పిల్లా?"

"చెప్పకుంటే కుక్క పక్కన పెడ్తుంటిమి."

మోకాలు రుద్దుకుంది. "నీ ఆదివారం గీ ఒక్కపారి అక్కరకొచ్చింది" అని ఒప్పుకుంది. కాపడం గుడ్డ మార్చమని కాలు చాపింది. "ఈస్టరు కూరల కారం జర ఎక్కువెయ్యి. పోయినేడు సప్పగ జేసినవ్."

శనివారం ఓనరమ్మ పనిమనిషిని కుండీల మూలకు అంట్లనీళ్లు పోయనివ్వలేదు. తను కూడా ఆ మొక్కలకు నీళ్లు పెట్టలేదు. ఆ ఎండకు కనకాంబరాలు తలలు వేలాడేశాయి. "ఇవి చచ్చిపోయేలా ఉన్నాయి, కాస్త నీళ్లు పోయవే" అని ఆవిడ భర్త చెంబు పట్టుకుని వెళ్లబోతే, అడ్డంగా నిలబడి, "అటెళ్లకండి, అక్కడ మనిషున్నాడు" అంది. ఆయన రెండు రోజులుగా ఇంట్లో ఎవరూ తనకు సరిగా ఏదీ చెప్పడం లేదన్న ముఖంతో వెనక్కి తిరిగాడు.

ఆదివారం చీకటితోనే మా షెడ్డులో ఈస్టరు ఆరాధన. కొత్త చీర కట్టుకుని తలుపు తీశాను. ఓనరమ్మ అప్పటికే బకెట్టుతో కుండీలకు అల్లంత దూరంలో నిలబడి ఉంది. నన్ను చూసి గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గడం మేము అద్దెకు దిగాక అదే మొదలు.

"అమ్మాయ్, ఖాళీ చేశారా?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి, గుమ్మం పట్టుకుని నిలబడ్డ మా అత్త జవాబిచ్చింది.

"చేసిండమ్మా. పొయ్యి ఇగ, నీళ్లు పొయ్యి. పాపం, చెట్లు ఎండిపోయినయ్."